సగంలో నిలిచిన అచ్చు

ఇంట్లో కూర్చుని చీరలు అమ్మడం ఎంత కష్టమో అమ్మినవాళ్లకే తెలుస్తుంది. ఫోన్ స్టాండుకు తగిలించి, లైవ్ మొదలుపెట్టి, "చూడండమ్మా, అసలు సిసలు ధర్మవరం పట్టు" అని గొంతు సవరించుకునేలోపు వంటింట్లో కుక్కర్ కూత పెడుతుంది. వీధిలో నీళ్ల ట్యాంకర్ దగ్గర ఆడవాళ్లు బిందెల కోసం పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటంతా హైదరాబాదులో, బెంగళూరులో నా చీరలు చూసేవాళ్ల చెవిన పడుతుంది. ఒకావిడైతే "చీర సంగతి తర్వాత, ముందు ఆ బిందె ఎవరిదో తేల్చండి" అని కామెంటు పెట్టింది. ఆ రోజే ఆఫీసు తీసుకోవాలని తీర్మానించుకున్నాను.

ధర్మవరంలో ఆఫీసుకు చోటు దొరకడం మాటలు కాదు. చీరల వ్యాపారం పుంజుకున్నాక వీధి వీధికీ షట్టర్లు లేచాయి. ఒకచోట గది బాగుంది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇంకోచోట అన్నీ ఉన్నాయి, బాత్రూం లేదు. మా ఆయన శశికుమార్‌ది గుంతకల్లులో రైల్వే ఉద్యోగం, ఆదివారాలే ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడల్లా "దొరికిందా జ్యోతీ?" అని అడగడం, నేను మూతి ముడుచుకోవడం. ఎండాకాలమంతా అలాగే గడిచింది.

చివరికి శ్రీరంగప్ప అనే పెద్దాయన ఇల్లు దొరికింది. ఒకప్పుడు నేతగాళ్ల ఇల్లే. ముందు హాలుకు టైల్స్ వేయించి, గాజు తలుపు పెట్టించి, ఏసీ బిగించి, 'ఆఫీసుకు అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు తగిలించాడు. అద్దె కూడా తక్కువే చెప్పాడు. ఎందుకంత తక్కువ అని నేను అడగలేదు. బేరం ఆడకుండానే దిగొచ్చిన మనిషిని చూసి నాలో నేను మురిసిపోయాను.

హాలు వెనక ఇంకో గది ఉంది. దానికి టైల్స్ లేవు. మట్టినేల, ఒకే ఒక చిన్న కిటికీ, మధ్యలో గుంత మగ్గం. నేసేవాళ్లు కాళ్లు కిందికి దించుకుని కూర్చునే ఆ గుంతను పూడ్చకుండా అలాగే వదిలేశారు. మగ్గం మీద పాత పట్టుపోగుల కొసలు ఇంకా వేలాడుతున్నాయి.

"ఈ గది గూడా నీదేనమ్మా, సామాన్లు పెట్టుకో," అన్నాడు శ్రీరంగప్ప. "మగ్గం మటుకు కదిలియ్యొద్దు. గుంత పూడ్సొద్దు."

"ఎందుకన్నా? ఎవరన్నా నేస్తాండారా?"

"ల్యా. మాయమ్మ కూర్చుండే తావు. అట్లే ఉండనీ."

నాకు లోపల్లోపల సంతోషమే. మగ్గం వెనక కనపడితే చాలు, చీర అసలైనదని కొనేవాళ్లు నమ్ముతారు. డబ్బిచ్చి చేయించుకున్నా అంత మంచి వెనకతెర రాదు.

ఆఫీసులో దిగిన రోజు దేవుడి పటం పెట్టడానికి మా అమ్మ అంజనమ్మను, మా పాప సుష్మను తీసుకెళ్లాను. ఇక్కడ మా అమ్మ చేసిన పని గురించి చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు నేయడం అయిపోయాక దాని కొసలను తీసేయరు. కొత్త పడుగులోని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు మెలిపెట్టి కలుపుతారు. దాన్నే మావాళ్లు అచ్చు అతకడం అంటారు. వేల పోగులు ఉంటాయి. జారకుండా టెంకాయ చిప్పలోని బూడిదను వేళ్లకు అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పుతారు, అంతే, పోగు అతుక్కుపోతుంది. అమ్మ జీవితమంతా ఆ పనే చేసింది. చూపు కూడా ఆ పోగుల్లోనే పోగొట్టుకుంది. ఇప్పుడు మనుషులు ఆమెకు నీడల్లాగే కనిపిస్తారు.

హాలంతా తడిమి చూసి సంబరపడిన అమ్మ వెనక గది గడప దగ్గర ఆగిపోయింది.

"బూడిద వాసన వస్తాండాది," అంది.

"పాత మగ్గం కదమ్మా, ఉంటుంది."

"అచ్చు యాడిదాకా అయ్యుండాదో చూడు."

వంగి చూశాను. పాత కొసల్లో సగానికి కొత్త పోగులు అతికి ఉన్నాయి, మూరెడు పొడవుకు తెగి వేలాడుతున్నాయి. మిగతా సగం వట్టివే. "సగం అయినట్టుంది," అన్నాను.

అమ్మ గడప మీద నుంచి కాలు వెనక్కి తీసుకుంది. "సగంలో లేసిపోయిన అచ్చు జ్యోతీ ఇది. దీంట్లో ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ఒకరు కూర్చున్న అచ్చులో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. లేయాల్సొస్తే బూడిద చిప్పను తన చేత్తో ఇంకొకరికి ఇచ్చి లేయాల. చిప్ప అందుకున్నోళ్లు ముగించాల్సిందే. తొలి చీర కోసేప్పుడు గూడా వాళ్లొచ్చి నిలబడాల. వాళ్లు రాకుండా ఆ చీర మీద కత్తెర పడకూడదు."

ఇవన్నీ చిన్నప్పటి నుంచి విన్న మాటలే. అయినా ఆ సాయంత్రం ఆఫీసు తాళంచెవి తీసుకునేటప్పుడు శ్రీరంగప్పను అడిగాను.

"మాయమ్మ సుబ్బరత్నమ్మ. అచ్చు అతుకుతా అతుకుతానే గుంతలోకి వాలిపోయింది. మేము ఎత్తేలోపల అయిపోయింది. చేతిలో టెంకాయ చిప్ప మటుకు యాడ పోయిందో, ఎంత ఎతికినా దొరకల్యా."

నాకు ఆ ముసలామె మీద జాలి కలిగింది. భయం మాత్రం కలగలేదు. ఏసీ ఉంది, గాజు తలుపు ఉంది, కొరియర్ అబ్బాయి గుమ్మం దాకా వస్తాడు. అలాంటి చోట దెయ్యాలేమిటి అని నవ్వుకున్నాను.

మొదట్లో అంతా బాగానే సాగింది. ప్యాకింగుకు ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకున్నాను. సుష్మ బడి వదలగానే నేరుగా ఆఫీసుకు వచ్చేది. నాలుగో తరగతి. దాని జుట్టంటే మా ఇంట్లో అందరికీ గర్వం. నడుము దాటిన జుట్టు, నల్లగా, ఒత్తుగా, చేతిలోకి తీసుకుంటే పట్టులాగే జారిపోయేది. వాళ్ల అవ్వ కళ్లు కనపడకపోయినా రోజూ తడిమి తడిమి నూనె రాసి జడ వేసేది.

తర్వాత కొన్నవాళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "చీర బాగుందమ్మా, కానీ రెండు చీరల కుచ్చులు ఒకదానికొకటి మెలేసి పంపారేంటి?" అని ఒకరు. "డబ్బాలో బూడిద పడింది" అని ఇంకొకరు. ప్యాకింగ్ పిల్లలను కేకలేశాను. వాళ్లు బిక్కమొహాలు వేసి మేం కాదక్కా అన్నారు. నేను నమ్మలేదు. ఒక ఉదయం నేనే తాళం తీసి చూస్తే, ముందు రోజు మడతపెట్టి బల్ల మీద పెట్టిన చీరల కొంగులన్నీ వరసగా ఒకదానికొకటి అతికి ఉన్నాయి. ముడి లేదు. మెలి మాత్రమే. లాగితే ఊడలేదు. అంత సన్నని అతుకు ఈ పిల్లలకు రాదని నాకు తెలుసు. అయినా ఆ మాట ఎవరితోనూ అనలేదు. పండగల కాలం ముందుంది. ఇప్పుడు ఆఫీసు ఖాళీ చేస్తే నా వ్యాపారం ఏం కావాలి?

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం. ఏడాది మొత్తంలో పెద్ద లైవ్ అది. మా ఊళ్లో ఆ రోజుల్లో వాన రాదు, గాలి వస్తుంది. పొద్దుట నుంచీ ఎర్రదుమ్ము లేపుకుని వీధులన్నీ ఊడ్చేస్తోంది. సుష్మకు తలంటు పోసి, జుట్టు ఆరడానికి విరబోసి, పట్టు పావడా కట్టి ఆఫీసుకు తెచ్చాను. లైవ్ మగ్గం గదిలోనే పెట్టాను. పాపను మగ్గం పక్కన పీట మీద కూర్చోబెట్టి, "ఏమీ ముట్టుకోకుండా నవ్వుతూ కూర్చో" అన్నాను. పిల్ల వెనక మగ్గం, ముందు చీరలు. చూసేవాళ్లకు కన్నులపండువగా ఉంటుందని నా ఆశ.

ప్యాకింగ్ పిల్లలు హాల్లో ఉన్నారు. నేను ఒక్కో చీరా విప్పి చూపిస్తున్నాను. చూసేవాళ్లు పెరిగిపోతున్నారు, నాకు ఒళ్లు తెలియడం లేదు. మధ్యలో ఒకసారి వెనక్కి చూస్తే పాప ఒడిలో ఒక టెంకాయ చిప్ప కనిపించింది.

"యాడిదే అది?" అన్నాను, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి.

"ఇచ్చినారు," అంది, తల ఎత్తకుండా.

ప్యాకింగ్ పిల్లలు ఆడుకోవడానికి ఏదో ఇచ్చారనుకున్నాను. ఫోన్ వైపు తిరిగాను. కామెంట్లు పరుగులు పెడుతున్నాయి.

'పాప ముద్దుగా ఉంది.'

'ఆకుపచ్చది నాకు పక్కన పెట్టండి.'

'వెనక ఉన్న పెద్దావిడ చేతులు చూపించండి, ఎంత చకచకా ఆడుతున్నాయో.'

పెద్దావిడా? అమ్మ ఇంట్లో ఉంది. వెనక్కి చూశాను. పాప ఒక్కతే ఉంది. తల వంచుకుని కూర్చుంది. కిటికీలో నుంచి వస్తున్న గాలికి కూడా దాని జుట్టు కదలడం లేదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

'అవును, ఎవరండీ ఆమె? గుంతలో కూర్చున్నారు.'

'పాపకు జడ వేస్తున్నట్టున్నారు.'

నవ్వడానికి ప్రయత్నించాను. "ఇక్కడ నేను, మా పాప తప్ప ఎవరూ లేరమ్మా," అన్నాను. చేతిలో చీర బరువెక్కింది.

'అయ్యో, జడ కాదు... జుట్టును మగ్గానికి కట్టేస్తోంది చూడండి.'

అదే చివరి కామెంటు. కరెంటు పోయింది.

ఫోన్ స్టాండుతో పాటు ఎక్కడో పడింది. దాని వెలుగు కూడా ఆరిపోయింది. బయట సందె వేళే, కానీ దుమ్ము కమ్మేయడంతో కిటికీలో ఆ కాస్త ఎరుపు తప్ప ఇంకేమీ లేదు. హాల్లో పిల్లల మాటలు వినపడలేదు. గాలి హోరు కూడా తగ్గిపోయింది. ఎవరో తలుపులన్నీ మూసినట్టు అంతా అణిగిపోయింది. అప్పుడు వాసన తగిలింది. చల్లారిన పొయ్యి వాసన, దాని కింద తడిమట్టి వాసన. మా ఊళ్లో చుక్క వాన పడి నెలలైంది.

"సుష్మా..."

పలకలేదు. కానీ ఒక చప్పుడు వినిపించింది. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన చప్పుడు అది. బూడిద అద్దిన రెండు వేళ్లు పోగును మెలిపెట్టేటప్పుడు వచ్చే చిన్న రాపిడి. చిన్నప్పుడు అమ్మ పక్కన పడుకుని అది వింటూనే నిద్రపోయేదాన్ని.

సర్... ఆగి, మళ్లీ సర్... మళ్లీ సర్...

"సుష్మా, లేయ్. పోదాం పా."

"లేయకూడదంటమ్మా," గుసగుసగా అంది. "ఇంగ కొంచెమే ఉండాదంట."

"ఎవరే చెప్పింది?"

నేల తడుముకుంటూ వెళ్లాను. చేతికి పాప భుజం తగిలింది. చల్లగా ఉంది. దగ్గరకు లాక్కున్నాను. రాలేదు. మళ్లీ లాగాను. "అబ్బా, నొప్పమ్మా," అంది. తల మీదికి చెయ్యి పోనిచ్చాను.

జుట్టు భుజాల మీద లేదు.

తల వెనక నుంచి నేరుగా, బిగుతుగా, మగ్గం వైపు సాగి ఉంది. పడుగు లాగి కట్టినట్టు... ఒక్క వెంట్రుక కూడా వదులుగా లేకుండా... నా వేళ్లు దాని వెంటే పోయాయి. వెంట్రుకలు అయిపోయిన చోట చిన్న చిన్న మెలికలు. మెలికల తర్వాత పట్టుపోగులు. నా వేళ్లన్నీ బూడిద.

ఇంకొంచెం ముందుకు పోయాను. అక్కడ ఇంకో చెయ్యి ఉంది.

ముడతలు పడిన వేళ్లు. నా చేతిని పట్టుకోలేదు, తోసేయలేదు. పనికి అడ్డం వచ్చిందన్నట్టు మెల్లగా పక్కకు జరిపింది. మళ్లీ... సర్...

అరిచానో లేదో గుర్తు లేదు. నడుముకు దోపుకున్న ప్యాకింగ్ కత్తెర చేతికొచ్చింది. పాప తలకు ఆనించి జుట్టంతా కత్తిరించాను. ఒక్క వేటుకు తెగలేదు. కసకసా కోశాను, కోస్తూనే ఉన్నాను. తెగిన కొసలు మగ్గం వైపు టప్పున ఎగిరిపోయాయి. కత్తెర చెయ్యి జారి గుంతలో పడింది. పడిన చప్పుడు మాత్రం రాలేదు. ఎవరో అందుకున్నట్టు...

పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. వీధిలో లైట్లు వెలుగుతున్నాయి. ప్యాకింగ్ పిల్లలు గుమ్మంలోనే టీ తాగుతున్నారు. "ఏమైందక్కా?" అన్నారు. కరెంటు పోయిందన్నాను. "యాడ పోయింది? మాకు పోలేదే," అన్నారు.

ఇంటికి వెళ్లాక అమ్మ పాప తలను ఒళ్లో పెట్టుకుని తడిమింది. మిగిలిన పొట్టి జుట్టును కొస దాకా వేళ్లతో చూసింది. పాప మెల్లగా చెప్పింది, గుంతలో కూర్చున్నామె చిప్పను తన చేతుల్లో పెట్టి, "ఇంగ నీదే" అనిందని. నేర్పిస్తాను, వేళ్లు చూసుకో అనిందని. సగం ఆమె అతికితే సగం తనే అతికిందని. అందులో పిల్లకు భయం లేదు. బడిలో మంచి మార్కులు వచ్చినప్పుడు చెప్పినట్టే చెప్పింది.

అమ్మ పాప వేళ్లను తన వేళ్ల మధ్యకు తీసుకుని తడిమింది. తర్వాత నన్ను అడిగింది.

"అచ్చు ముగిసిందా?"

"తెలీదమ్మా. నేను చూడలేదు."

"చిప్ప అందుకునింది," అంది అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆదివారం శశికుమార్ రాగానే కదిరికి వెళ్లి, నరసింహస్వామికి పాప తలనీలాలు ఇచ్చి వచ్చాం. ఒక్క వెంట్రుక కూడా మిగలకుండా గీయించాను. ఆఫీసు వైపు మళ్లీ వెళ్లలేదు. చీరలు, స్టాండు, ఏవీ తెచ్చుకోలేదు. ఆ సాయంత్రమే ప్యాకింగ్ పిల్లలు తలుపుకు తాళం వేసి, ఫోన్, తాళంచెవి ఇంటికి తెచ్చిచ్చారు; ఆ తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. ఇంటి నుంచే మళ్లీ అమ్మడం మొదలుపెట్టాను. కుక్కర్ కూత ఇప్పుడు నాకు ఎంతో ఇష్టం.

గుండు చేయించిన పిల్లకు నెల తిరిగేసరికి తల నల్లబడాలి. సుష్మకు నల్లబడలేదు. దసరా అయింది, దీపావళి అయింది. నున్నగా అలాగే ఉంది. అనంతపురంలో డాక్టరు పూత మందు ఇచ్చి, బలం తక్కువ, అదే వస్తుందిలే అన్నాడు. రోజూ పొద్దున్నే లేచి పాప తల నిమిరి చూస్తాను. గరుకు తగులుతుందేమోనని. తగలదు.

నిన్న సాయంత్రం శ్రీరంగప్ప ఫోన్ చేశాడు. తాళం అడుగుతాడనుకున్నాను. పాప నా ఎదురుగా నేల మీద కూర్చుని బడి లెక్కలు చేసుకుంటోంది. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"ఏమ్మా, ఆఫీసుకు రావడం ల్యా అనుకుంటి. లోపల మగ్గం ఆడతాండాదే? ఎవురిని పెట్టినావు నేసేదానికి?"

"ఎవరినీ పెట్టలేదన్నా. తాళం నా దగ్గరే ఉండాది."

"అట్లెట్లా? కిటికీలో నుంచి చూస్తి గదా. మనిషి కనపళ్లా గానీ చీర కనపడింది. నల్ల చీర. నా బతుకులో ఇంత నున్నటి రేషం పట్టు చూళ్లేదమ్మా, యాడ తెప్పించినావు? పొద్దు పొద్దుకూ పెరుగుతాండాది."

నా కళ్లు పాప తల మీదే ఉన్నాయి.

"కొంగు గూడా అయిపోయినట్టుండాది," అన్నాడు. "కత్తెర తెచ్చి పక్కనే పెట్టుకోనుండారు. ఇంగ కోసేదే మిగిలుండాది. అచ్చు అతికినామె యాడుందో, పిలిపీ మల్ల."

ఫోన్ పెట్టేశాను. ఒక్క మాట కూడా బయటికి వినపడి ఉండదు, నాకు తెలుసు. సుష్మ పుస్తకం మూసింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకుంటోంది.

"యాడికే?" అన్నాను.

"బిరీన వచ్చేస్తాలే అమ్మా," అంది. తలుపు గడియ తీయబోయిన ఆ చేతిని పట్టుకుని లోపలికి లాగాను.

ఇది రాస్తున్నంతసేపూ దాన్ని నా ఒడిలోనే పెట్టుకుని ఉన్నాను, తలుపుకు తాళం వేశాను. నిద్రపోతోంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. వాటి కొసలకు బూడిద ఉంది. ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ వస్తోంది.